గొడ్డు తీగ అని పీకేయకండి: బోడకాకర గురించి నాలుగు మాటలు

(మాక్లూర్‌లో సంఘం యువజన సమావేశంలో గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరుసల్లో మా హాస్టల్లో చదువుకుని వెళ్ళిన బిడ్డలు కొందరు కనబడుతున్నారు. మా గొంతు వినగానే స్టడీ అవర్ గుర్తొచ్చి లేచి పోకండి. ఈ రోజు హాజరు తీసుకోము.

సంఘం వాళ్ళు మన మొక్కల గురించి మాట్లాడమన్నారు. ఇప్ప చెట్టు గురించి, హోలీకి మనం రంగు తీసే మోదుగు పువ్వు గురించి మాకంటే బాగా చెప్పేవాళ్ళు వేదిక మీదే ఉన్నారు. మేము ఒక్క తీగ గురించే చెబుతాం. చెప్పడానికే కాదు, ఇవ్వడానికి కూడా తెచ్చాం. ఇదిగో, ఈ సంచిలో ఉన్నాయి. ఒకటి తీసి చూపిస్తాం. వెనక వరుసల వాళ్ళకు కనబడుతోందా? ఏమిటో చెప్పండి. చిలగడదుంప అన్నారు ఒకరు. పసుపు కొమ్ము అన్నారు ఇంకొకరు. నిజామాబాద్ జిల్లా వాళ్ళం కదా, మట్టి అంటుకున్న ఏ గడ్డ చూసినా మనకు పసుపే గుర్తొస్తుంది.

ఇది బోడకాకర గడ్డ.

చూశారా, పేరు చెప్పగానే అందరూ నవ్వారు. కూర తినని వాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. వానలు మొదలవగానే నిజామాబాద్ మార్కెట్లో కిలో రెండు వందలు దాటి పలికే కాయ అది. కాయ అందరికీ తెలుసు. గడ్డ ఎలా ఉంటుందో, పువ్వు ఎప్పుడు విచ్చుకుంటుందో, ఏ తీగ కాస్తుందో, ఏ తీగ ఎందుకు కాయదో చెప్పమంటే చేతులు లేవవు. మా చెయ్యి కూడా లేచేది కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, ఏళ్ళ తరబడి పిల్లలకు పువ్వు భాగాలు చెప్పిన చెయ్యే అది. అందుకే ముందు మా తప్పు చెప్పి, తర్వాత మొక్క గురించి చెబుతాం.

మా హాస్టల్ వంటగది వెనక కొంత ఖాళీ స్థలం ఉంది. ఒక ఏడు ఎండాకాలం సెలవుల తర్వాత భీంగల్ వైపు తండాల పిల్లలు ఇద్దరు పన్నెండు గడ్డలు తెచ్చారు. "మేడం, ఇవి పెడితే బోడకాకర కాస్తది" అన్నారు. మిరుగు వానకు పెట్టాం. తీజ్‌కు గోధుమ బుట్టలకు నీళ్ళు పోసినంత శ్రద్ధగా పిల్లలు వాటికి పొద్దున, సాయంత్రం నీళ్ళు పోశారు. అన్నీ మొలిచాయి. కంచె మీదికి పాకాయి. నెల దాటిందో లేదో ఐదు తీగలు పూత మొదలుపెట్టాయి. పసుపు పువ్వులు, ఒకటి రాలితే రెండు. పిల్లలు రోజూ వెళ్ళి చూసేవారు. కాయ లేదు. పది రోజులు చూశాం, పదిహేను రోజులు చూశాం. పూస్తున్నాయి, రాలుతున్నాయి. మిగతా తీగలు అప్పుడే మొగ్గ వేస్తున్నాయి.

ఆ వారంలో పెద్ద సార్లు చూడటానికి వస్తారని కబురు వచ్చింది. ఆవరణ శుభ్రం చేయించాలి. కంచె నిండా అల్లుకున్న ఆ ఐదు తీగలను చూసి, ఇవి గొడ్డు తీగలు, కాసే తీగలకు చోటు లేకుండా చేస్తున్నాయి, పీకేయండి అన్నాం. పిల్లలు పీకేశారు. మేమే దగ్గర నిలబడి గడ్డలతో సహా తీయించాం, మళ్ళీ మొలవకూడదని.

తర్వాత మిగిలిన ఏడు తీగలు పూశాయి. ఈ పువ్వుల కింద మాత్రం గోరంత కాయలు, మెత్తని ముళ్ళతో, అచ్చం బోడకాకర పిల్లల్లా. అందరికీ సంతోషం. నాలుగు రోజులకు ఆ పిందెలు పసుపెక్కాయి, ఒక్కొక్కటే రాలిపోయాయి. నీళ్ళు తక్కువయ్యాయేమో అని ఎక్కువ పోశాం. ఎరువు వేశాం. ఒక అమ్మాయి దిష్టి తగిలిందని పాత కుండకు సున్నం బొట్లు పెట్టి కంచెకు తగిలించింది. దాన్ని మేము తీయించలేదు, ఎందుకంటే అప్పటికి మా సైన్సు అయిపోయింది.

మా వంట యాడి ఊళ్ళో కూతురి కాన్పుకు వెళ్ళి అప్పుడే తిరిగి వచ్చింది. బడి ముఖం చూడని మనిషి. పెరట్లోకి వెళ్ళింది, కంచె చూసింది, పీకేసిన తీగలు ఎండిపోయి ఉన్న మూల చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మొగ తీగలన్ని పీకిచ్చిన్రు గద మేడం. ఇంక ఆడ తీగ ఎవలతోటి కాయ గాస్తది?"

పక్కనే ఉన్న భీంగల్ పిల్ల మెల్లగా అంది: "మా బాపు గూడ పోయినేడు గొడ్డు తీగని పీకేసిండు మేడం."

మాకు మందారం పువ్వు గుర్తొచ్చింది. ట్రైనింగులో, తర్వాత క్లాసుల్లో, ఎప్పుడూ మందారమే కోసి చూపించాం. ఇది కేసరం, ఇది కీలం, పుప్పొడి ఇక్కడ నుంచి అక్కడికి. మందారంలో రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. మామూలు కాకర, సొర, గుమ్మడి తీగల్లో మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు, కానీ రెండూ ఒకే తీగకు పూస్తాయి. బోడకాకరలో తీగలే వేరు. ఒక గడ్డ నుంచి వచ్చిన తీగ మొత్తం మగదే, ఇంకో గడ్డ నుంచి వచ్చింది మొత్తం ఆడదే. తాటి చెట్టు అలాగే కదా. పోతుతాడు వేరు, కాయలు కాసే తాడు వేరు. గౌడన్నలను అడిగితే చెట్టు చూసి చెబుతారు. తాటి చెట్టుకు తెలిసిన మాట తీగకు వర్తిస్తుందని మాకు తోచలేదు. దొండ కూడా ఇలా మగా ఆడా వేరే ఉన్న తీగే. అయితే ఇళ్ళల్లో పెంచే దొండ పుప్పొడి అందకపోయినా కాయ కడుతుంది. అందుకే ఇంట్లో మగ దొండను ఎవరూ చూడరు, అడగరు. ఆ అలవాటుతో బోడకాకర దగ్గరికి వచ్చి మోసపోతాం.

ఈ సంగతి మొక్క పేరులోనే రాసి ఉంది. శాస్త్రం పేరు మొమోర్డికా డయోయికా. డయోయికా అంటే గ్రీకులో రెండు ఇళ్ళు, మగవాళ్ళకు ఒక ఇల్లు, ఆడవాళ్ళకు ఒక ఇల్లు అన్నమాట. మన హాస్టళ్ళలా! మొమోర్డికా అంటే లాటిన్‌లో కొరకడం. గింజ అంచు ఎవరో కొరికినట్టు గరుకుగా ఉంటుందని ఆ పేరు. డయోయికా అనే పేరు పెట్టింది విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండ్ నుంచి వచ్చిన వైద్యుడు, 1780లలో సామర్లకోటలో ఉండి తెలుగు నేల మీది మొక్కలను బొమ్మలు వేయించి, మన వాళ్ళు పిలిచే పేర్లు అడిగి రాసుకున్నాడు. తర్వాత 1793లో కలకత్తా తోటకు వెళ్ళాడు. ఈ తీగ పేరు 1805లో అచ్చయింది. అంటే రెండు వందల ఏళ్ళ క్రితమే పుస్తకంలో ఉన్న విషయం, మా వంట యాడి నోట్లో ఉన్న విషయం, మధ్యలో ఉన్న మా దగ్గర మాత్రం లేదు.

ఇక పేర్లంటారా, మనం బోడకాకర అంటాం. కోస్తా వాళ్ళు ఆగాకర అంటారు. బోధన్ దాటి మహారాష్ట్రలోకి అడుగు పెడితే కర్టోలి. హిందీలో కకోడా, కంటోలా. బోడ అంటే నున్నది కదా, కాయ నిండా ముళ్ళున్న దానికి ఆ పేరెందుకు అని మా పిల్లలు అడుగుతుంటారు. అడగండి అంటాం, అడగడం మంచిదే.

ఇప్పుడు గుర్తుపట్టడం. గోడకు అంటించిన చార్టు మా తొమ్మిదో తరగతి పిల్లలు గీసింది. రంగు కొంచెం ఎక్కువ వేశారు, ఆకారం మాత్రం సరిగ్గానే ఉంది. ఆకు గుండె ఆకారంలో ఉంటుంది. కొన్ని ఆకులకు అంచు మూడుగా, ఐదుగా చీలుతుంది. ఒకే తీగ మీద రెండు రకాలూ చూస్తారు. పట్టుకుని పాకే నులితీగ చీలిక లేకుండా ఒంటరిగా ఉంటుంది. దీన్ని బాగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ఇవే కంచెల్లో లింగదొండ కూడా పాకుతుంది. దాని ఆకు అరచేయి వేళ్ళలా లోతుగా చీలి ఉంటుంది, నులితీగ చివర రెండుగా చీలుతుంది, కాయ గుండ్రంగా, పండితే ఎర్రగా, తెల్ల చారలతో చూడముచ్చటగా ఉంటుంది. అది తినే కాయ కాదు. చిన్నపిల్లలు ఎర్రగా ఉందని నోట్లో పెట్టుకుంటారు, తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు చెప్పండి. బోడకాకర కాయ కోడిగుడ్డు ఆకారంలో, చివర చిన్న ముక్కుతో, ఒళ్ళంతా మెత్తని ముళ్ళతో ఉంటుంది. పండితే నారింజ రంగుకు తిరిగి పగులుతుంది, లోపల గింజల చుట్టూ ఎర్రటి గుజ్జు.

పట్నం మార్కెట్లో ఇంకో పెద్ద రకం కూడా వస్తుంది. బెంగాల్, అస్సాం వైపు ఎక్కువగా పండిస్తారు. మన దానికి చుట్టమే కానీ వేరే జాతి. దాని పువ్వు పెద్దది, తెల్లవారుజామున విచ్చుకుంటుంది. మన అడవి బోడకాకర పువ్వు చిన్నది, చీకటి పడే వేళ విచ్చుకుంటుంది. సన్నని కస్తూరి వాసన వస్తుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం అది పెట్టుకున్న వేళ. పగలు వెళ్ళి చూసి పువ్వు ముడుచుకుంది, తెగులు వచ్చింది అనుకున్న వాళ్ళు ఉన్నారు. మేమూ అనుకున్నాం.

మగ, ఆడ తేడా చెబుతాం, ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. పువ్వును వెనక నుంచి చూడండి. పసుపు రేకుల కింద గోరంత ముళ్ళ కాయ ఉంటే ఆడది. కాయ లేకుండా సన్నని పొడుగు కాడ ఉండి, పువ్వుకు సరిగ్గా కింద ఒక చిన్న ఆకు దొప్పలా చుట్టుకుని ఉంటే మగది. కాయ ఉంటే ఆడ, దొప్ప ఉంటే మగ. మగ తీగ సాధారణంగా ముందు పూస్తుంది, ఎక్కువ పూస్తుంది. అందుకే తొందరపాటు వాళ్ళ చేతిలో ముందు అదే పోతుంది.

పువ్వు రాక ముందు చెప్పగలమా? లేదు. ఆకు చూసి చెప్పలేం, గడ్డ చూసి చెప్పలేం, గింజ చూసి అసలే చెప్పలేం. ఈ గడ్డ చేతిలో పట్టుకుని ఇది ఆడదే అని ప్రమాణం చేసేవాడు ఎవరైనా వస్తే, పూత సమయంలో నువ్వు దీనికి గుర్తు కట్టావా అని అడగండి. కట్టలేదంటే డబ్బులు ఇవ్వకండి. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామో కాసేపట్లో తెలుస్తుంది.

మా పెరటి కథ పూర్తి చేస్తాం. యాడి చెప్పిన రోజు సాయంత్రమే ఇద్దరు పెద్ద పిల్లలను తీసుకుని మాక్లూర్ బయట చెల్కల వైపు వెళ్ళాం. ఒక ముళ్ళ కంచెలో మగ తీగ దొరికింది. విచ్చుకోబోతున్న మొగ్గలను కోసి, తడి గుడ్డ వేసిన స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని వచ్చాం. స్టడీ అవర్ గంట కొట్టే వేళ అది. మా హాస్టల్ చరిత్రలో మొదటిసారి స్టడీ అవర్ పెరట్లో జరిగింది. ఒక అమ్మాయి టార్చి పట్టుకుంది. మగ పువ్వు రేకులు వెనక్కి మడిచి, లోపలి పుప్పొడి వేలికి అంటుతుందో లేదో చూసుకుని, ఆడ పువ్వు మధ్యలో ఉన్న కీలాగ్రానికి మెల్లగా తాకించాలి. గట్టిగా రుద్దకూడదు. ఒక మగ పువ్వుతో నాలుగైదు ఆడ పువ్వులకు తాకించవచ్చు. ఆ సాయంత్రం ఏడు పువ్వులకు చేశాం. ఐదు నిలిచాయి. వారం తిరిగేసరికి బొటనవేలంత అయ్యాయి.

ఆ ఏడు మొత్తం మీద ఒక పళ్ళెం కాయలు కాశాయి. ఎనభై మంది పిల్లలు. ఎవరికి వేయాలి? యాడి వాటిని సన్నగా తరిగి, వేయించి, పప్పులో కలిపింది. అందరి కంచంలోకీ ఒక ముక్కో, ముక్క వాసనో వచ్చింది. మాకు ముక్క రాలేదు. అడగడానికి ముఖం లేదు కాబట్టి అడగలేదు.

ఇక పెంచడం. దీనికి పెద్ద పొలం అక్కర్లేదు, పెంకుటింటి చూరు కింద కంచె చాలు. కానీ నేల చూసుకోవాలి. నీళ్ళు నిలిచే చోట గడ్డ కుళ్ళిపోతుంది. మన మాక్లూర్ వైపు చెల్క నేలలు దీనికి బాగుంటాయి. బోధన్ వైపు రేగడిలో, చెరకు, వరి పండే తడి భూముల్లో పెట్టాలంటే మట్టి ఎత్తు చేసి, బోదె మీద పెట్టండి. మిరుగుకు ముందే జానెడున్నర లోతు గుంత తీసి, మాగిన పశువుల ఎరువు కలిపి, మొలక పైకి ఉండేట్టు గడ్డ పెట్టి మట్టి కప్పాలి. గుంతకు గుంతకు రెండు మీటర్లు వదలండి. ఎనిమిది పది ఆడ గడ్డలకు ఒక మగ గడ్డ. ఆ మగ గడ్డ మూలకు తోసేయకండి, మధ్యలో పెట్టండి. పురుగులు అటూ ఇటూ తిరగాలి కదా. నడుము ఎత్తు దాటిన పందిరి ఉంటే పువ్వును కింద నుంచి చూసి గుర్తుపట్టడం సులభం.

గడ్డలు దొరకకపోతే గింజలతో కూడా చేయొచ్చు, ఓపిక ఉంటే. గింజ వెంటనే మొలవదు. ఈ ఏడు పండిన గింజ వచ్చే వానల దాకా నిద్రపోతుంది. పైపెంకు గట్టిది, కొంచెం చిట్లించి రాత్రంతా నానబెట్టి వేయాలి. మొలిచిన వాటిలో సగం మగవి, సగం ఆడవి అనుకోండి. అందుకే గుంతకు మూడేసి గింజలు వేసి, పూత వచ్చాక ఆడది ఉంచుకుని అదనపు మగవాటిని తీసేయవచ్చు. ఇక్కడ పీకడం తప్పు కాదు, కావలసినన్ని మగవి ఉంచుకుని లెక్క ప్రకారం పీకడం వేరు, మేము చేసింది వేరు. మూడో దారి తీగ ముక్కలు. వాన రోజుల్లో బాగా కాసే ఆడ తీగ నుంచి రెండు మూడు కణుపుల ముక్క కోసి, మట్టి సంచిలో నాటి నీడన పెడితే కొన్ని వేరు పోస్తాయి. అన్నీ పోయవు. పోసినవి మాత్రం తల్లి తీగలాగే ఆడవే.

పురుగులు రెండు. ఆకును జల్లెడ చేసే అక్షింతల పురుగు, దాన్ని పొద్దున్నే చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వేయించాం. కాయను కుట్టి గుడ్లు పెట్టే పండు ఈగ అసలు శత్రువు. కుట్టిన కాయ ఒక వైపు వంకర తిరిగి పసుపెక్కుతుంది. దాన్ని పెంట మీద పారేస్తే ఈగను మీరే పెంచినట్టు. లోతుగా పాతిపెట్టండి. మా పిల్లలు పాత నోటుబుక్కు కాగితాలతో సంచులు చేసి లేత కాయలకు తొడిగారు. లెక్కల నోటుబుక్కులు దేనికైనా పనికొచ్చాయని ఒక అమ్మాయి అంది, ఎవరో చెప్పము, ఇక్కడే ఉంది.

కార్తీకం దాటాక తీగ ఎండిపోతుంది. చచ్చిపోయిందని దున్నకండి. గడ్డ కింద నిద్రపోతోంది. మళ్ళీ మిరుగుకు అదే లేస్తుంది, ఏటేటా కొంచెం పెద్దదై, పక్కన పిల్లగడ్డలు పెట్టి. గడ్డిమందు కొట్టే వాళ్ళు మాత్రం ఇక్కడ జాగ్రత్త. గట్ల మీద, కంచెల వెంట కొట్టిన మందు ఆకు నుంచి గడ్డకు దిగితే ఆ తీగ ఇక లేవదు. మాక్లూర్ బయట మేము మగ మొగ్గలు కోసుకున్న ఆ ముళ్ళ కంచె ఇప్పుడు లేదు. గట్టు శుభ్రంగా ఉంది. శుభ్రంగా అంటే మీకు అర్థమైంది కదా.

అడవిలో గడ్డలు తవ్వే విషయం కూడా ఒక మాట. 2006 అటవీ హక్కుల చట్టం అడవినే నమ్ముకుని బతికే మన వాళ్ళకు చిన్న అటవీ ఉత్పత్తులు సేకరించుకునే హక్కు ఇచ్చింది, అందులో గడ్డలు, దుంపలు కూడా ఉన్నాయి. కాయ కోసుకుంటే తీగ మళ్ళీ కాస్తుంది. గడ్డ ఊడబెరికితే మల్లారం అడవి అంచులో కానీ సిరికొండ గుట్టల్లో కానీ ఆ చోట ఇక ఏమీ మిగలదు. అమ్మకానికి తవ్వే వాళ్ళు మగదా ఆడదా చూడరు, సంచి నిండితే చాలు. అడవి నుంచి తీగ ముక్కలు తెచ్చుకోండి, పండిన కాయ ఒకటి తెచ్చుకోండి. గడ్డ అక్కడే ఉండనివ్వండి.

ఆ సంచి నింపే వాళ్ళ గురించే ఇప్పుడు చెప్పేది. మా పాత విద్యార్థిని ఒకరు, భీంగల్ వైపు తండా. డిగ్రీలో చేరింది. వాళ్ళ యాడి కూలి డబ్బులు దాచి, మోటారు సైకిలు మీద వచ్చిన ఒక మనిషి దగ్గర యాభై గడ్డలు కొంది. అన్నీ కాసేవే అక్కా అని చెప్పాడట. మూడు వేల రూపాయలు. వెదురు పందిరి వేశారు, ఎరువు తోలారు. అమ్మాయి రెండో ఏడు ఫీజు ఆ పందిరి మీద పెట్టుకుంది. ఆగస్టులో ఫోన్ చేసింది. "మేడం, నిండా పూసింది, ఒక్క కాయ లేదు." ఆ ఆదివారం వెళ్ళాం. పందిరి కింద నిలబడి తల పైకెత్తి చూస్తే ఎక్కడ చూసినా దొప్పలు. వెతగ్గా వెతగ్గా నాలుగు ఆడ తీగలు. ఆ తల్లి మా ముఖం చూసి ఏమీ అడగలేదు, చాయ్ పెడతానని లోపలికి పోయింది.

ఆ రోజు మేము చేయగలిగింది చేశాం. నాలుగు ఆడ తీగలకు ఎర్ర గుడ్డ పీలికలు కట్టాం, మొదట్లో కర్ర పాతి దానికీ కట్టాం, తీగ ఎండాక కూడా గడ్డ ఎక్కడుందో తెలియాలని. వాటి నుంచి ముక్కలు కోసి సంచుల్లో నాటాం. అవి వెంటనే డబ్బులు ఇవ్వవు. ఆ ఏడు ఆ అమ్మాయి ఫీజు కోసం ఆర్మూరు వైపు పసుపు ఉడకబెట్టే పనికి వెళ్ళింది. కళ్ళాల పొగలో పరీక్షలకు చదివింది. పాసయింది. మూడో ఏడు నాటికి వాళ్ళ పందిరి కింద ముప్పై ఆడ తీగలు నిలిచాయి, నాలుగు మగవి. అడవి నుంచి ఒక్క గడ్డ తేకుండా చేసింది.

వాడకం గురించి ఆడపిల్లలకే చెప్పనక్కర్లేదు, మగపిల్లలూ వినండి, హాస్టల్ గదుల్లో మీరే వండుకుంటారు కదా. పూసిన పది పదిహేను రోజులకు, గింజ ఇంకా మెత్తగా ఉండగానే కోయాలి. పసుపు తిరిగితే గింజ రాయి. కడిగి, ముళ్ళు చాకుతో పైపైన గీకి, చక్రాల్లా తరిగి, నూనెలో ఉల్లిగడ్డతో వేయించి, దించే ముందు పల్లీల పొడో, నువ్వుల పొడో, కారమో వేస్తే జొన్న బాటితో ఇంకేమీ అక్కర్లేదు. కాకర చేదు ఉండదు. తక్కువ కాయలుంటే శనగపప్పు కలపండి, అదే మా హాస్టల్ పద్ధతి. ఇప్పుడు మా పెరట్లో మంచి వారంలో మూడు కిలోల దాకా వస్తాయి, అయినా పప్పు కలపక తప్పదు.

ఒక హెచ్చరిక. ఈ కాయ అమ్మేటప్పుడు షుగర్‌కు మందు అని బోర్డు పెట్టేవాళ్ళు తయారయ్యారు. ఎలుకల మీద పరీక్షలు చేసిన వాళ్ళు ఉన్నారు, నిజమే. ఎలుకకు పనిచేసింది మన నాన్నకు ఎంత పనిచేస్తుందో అది వేరే లెక్క. కూరగా తినండి, మంచి కూర. మీ ఇంట్లో ఎవరైనా మాత్రలు మానేసి దీన్ని నమ్ముకుంటే ఆపండి. గడ్డను మందుగా నూరి తాగడం గురించి మేము చెప్పము, మీరూ ఎవరికీ చెప్పకండి, ముఖ్యంగా గర్భిణులకు.

అమ్మకం గురించి కూడా గొప్పలు చెప్పము. జూలైలో పలికిన ధర సెప్టెంబరులో సగానికి దిగడం మేమే చూశాం. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ వచ్చాక బోధన్ చుట్టూ నేలంతా చెరకైంది. మన వాళ్ళెందరో ఆ చెరకు నరికారు, బండ్లకు ఎత్తారు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడితే ఆ పనంతా పోయింది. అందుకని ఉన్న ఎకరమంతా బోడకాకర వేయండి అని ఎవరన్నా నమ్మకండి, మేమన్నా నమ్మకండి. కంచె వెంట పది తీగలు. ఇంటికి కూర, మిగిలింది అంగడికి. అంతే.

సమయం అయిందని సైగ చేస్తున్నారు. సంచి సంగతి చెప్పి దిగుతాం. ఇందులో నలభై గడ్డలు ఉన్నాయి. సగం మా పెరటివి, సగం ఆ భీంగల్ అమ్మాయి పంపినవి. ప్రతి దానికీ దారం కట్టి ఉంది. ఎర్ర దారం ఆడది, తెల్ల దారం మగది. పోయిన ఆగస్టులో పువ్వు చూసి కట్టినవే. తెల్ల దారానివి నాలుగే ఉన్నాయి, అందుకని ఒక్కొక్కరుగా రాకండి. పక్క పక్క ఇళ్ళ వాళ్ళు, ఒక తండా వాళ్ళు కలిసి రండి. తొమ్మిది ఎర్రవి, ఒక తెల్లది ఒక గుంపుకు. తెల్లది ఎవరి ఇంట్లో పెట్టాలో ముందే మాట్లాడుకోండి, అది కాయదని గొడవ పడొద్దు. పూసే రోజుల్లో సాయంత్రం ఆ ఇంటికి వెళ్ళి మొగ్గలు అడిగి తెచ్చుకోవాలి.

దారాలు విప్పకండి. ఇంటికి వెళ్ళాక చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి, వాళ్ళకు ఎర్ర దారం కనబడితే చేతికి కట్టుకుంటారు. మొన్న మా హాస్టల్లో అదే జరిగింది, ఆరు గడ్డలకు దారం పోయింది. ఆ ఆరూ తేలేదు. అవి ఏమిటో ఆగస్టులో చూసి చెబుతాం.